నీళ్ళే ఒలికాయట

"గ్లాసు మీదే, నీళ్ళూ మీవే. నేను పెట్టలేదని ఒక్కసారి నా మొహం చూసి చెప్పండి."

మరదలు ఆ మాట అనడం పొద్దున్నించి నాలుగోసారి. తమ్ముడు వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. కట్టుకుంటూనే ఉన్నాడు. ఒక్క లేసుకి అంతసేపు ఎవరికీ పట్టదు.

భోజనాల బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి, దాని మీద ఆ హార్డ్ డిస్కును జ్వరమొచ్చిన పసిబిడ్డలా పడుకోబెట్టారు. అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా. అది ఉండే డ్రాయర్లో తడి ఆరిన మరక, సరిగ్గా దాని పైన బల్ల మీద తమ్ముడి గ్లాసు కనబడ్డాయి. నిన్న సాయంత్రం కంప్యూటరుకి తగిలిస్తే టకటకమని కొట్టుకుంది, గర్రుమంది, ఊరుకుంది. అప్పటినుంచి ఊరుకోనిది మరదలొక్కతే.

"నలభై రెండు మంది పిల్లలు. నాలుగేళ్ళు. ఇంకా తొమ్మిది రోజుల్లో థీసిస్ ఇవ్వాలి."

"ఇంకో కాపీ పెట్టుకోవాల్సింది," అన్నాడు తమ్ముడు లేసుతోటే. పుండు మీద కారం చల్లాలని అతనికేమీ ఉండదు పాపం. ఏ పుండు ఎక్కడుందో చూసుకోడు, అంతే.

"ఎలా పెట్టుకుంటాను? ఆ పిల్లల అమ్మానాన్నలకి సంతకం పెట్టి ఇచ్చాను. ఒక్కటే కాపీ ఉంటుంది, నా డ్రాయర్లో తాళం వేసి ఉంటుంది, నేను తప్ప ఇంకో మనిషి వినరు అని. ఆ మాట మీదే కదా వాళ్ళు పిల్లల గొంతులు నా చేతిలో పెట్టారు."

"పోనీ గడువడుగు. మళ్ళీ రికార్డు చేసుకో."

"నత్తి పోయిన పిల్లల్ని పిలిచి, నాన్నా, ఇంకొక్కసారి నత్తిగా మాట్లాడరా, ఆంటీ థీసిస్ తడిసిపోయింది అని అడగమంటారా?"

తమ్ముడు రెండో బూటు అందుకున్నాడు. అసలు జవాబు వంటింటి గుమ్మంలో నిలబడ్డ మనిషి దగ్గరుంది. ఆవిడ ఒకే ప్లేటును మూడోసారి తుడుస్తోంది.

తమ్ముడికి అక్క, మరదలికి వదిన, ఇంకెవరికైనా ఆపరేటరక్క. పెద్దాసుపత్రి స్విచ్చిబోర్డు ముందు ముప్ఫై ఆరేళ్ళు కూర్చుంది. ఏ డాక్టరు ఏ వార్డులో ఉంటాడో ఆ డాక్టరుకన్నా ముందు ఆవిడకి తెలిసేది. పెళ్ళి ఊసు ఎవరైనా ఎత్తితే "లైను బిజీ" అనేది. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి తమ్ముడింటికి వచ్చింది. వచ్చి రెండేళ్ళు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదు. లోపల ఎంత గుబులున్నా గొంతు చెదరనివ్వకపోవడమే ఆవిడ ఉద్యోగం మరి. చేతిలో ఆ ప్లేటు లేకపోతే బాగుండేది.

మంగళవారం మధ్యాహ్నం డిస్కు మీద ఏం ఒలికిందో, ఎవరి కప్పులోంచి ఒలికిందో ఆ ఇంట్లో ఒక్కరికి తెలుసు. ఆవిడకి తెలుసు. తెలియనిది ఆ ఆలుమగలిద్దరికే.

"సరే, నేనే," అన్నాడు తమ్ముడు తటాలున లేచి. "మంగళవారం ఫోన్లో మాట్లాడుతూ నీ గదిలోకి వెళ్ళాను. చేతిలో గ్లాసు ఉండే ఉంటుంది. పెట్టే ఉంటాను."

"ఉండే ఉంటుందీ, పెట్టే ఉంటానూ ఏమిటి? పెట్టారా, లేదా?"

"పెట్టాను. నీళ్ళే. ఒలికిపోయాయి. చాలా?"

"చాలు."

అరిచినంతసేపు అది సంసారంలానే ఉంది. ఇప్పుడు ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. తమ్ముడు సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. చేయని తప్పు నెత్తిన వేసుకుని, రోజూ చెప్పే "వస్తానక్కా" కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆపరేటరక్కకి దొంగకి తేలు కుట్టినట్టే అయింది. కుట్టిన చోట పట్టుకోవడానికి కూడా లేదు.

మరదలు తువ్వాలుతో సహా డిస్కును చుట్టి ఒక టిఫిన్ డబ్బాలో పెట్టింది.

"వదినా, మధ్యాహ్నం మీకేం పని లేదుగా?"

"లేదమ్మా." ఏ మధ్యాహ్నమూ లేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

"బస్టాండు వెనక డిస్కులు బాగుచేసే ఆయనున్నాడట. నాకు ఇవాళ క్లినిక్‌లో ఆరుగురు పిల్లలున్నారు. ఈయన చేతికి మాత్రం చచ్చినా ఇవ్వను. మీరు తీసుకెళ్ళండి. మీకున్నంత జాగ్రత్త ఈ ఇంట్లో ఎవరికుంది?"

వేళాకోళం చేసినా బాగుండేది. ఆ పిల్ల నిజంగానే అంది.

*

బస్సులో డబ్బాను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది ఆపరేటరక్క.

ఎనిమిదిన్నరకి ఇద్దరూ వెళ్ళిపోతారు. ఆరింటికి వస్తారు. వచ్చాక "తిన్నావా అక్కా", "తిన్నారా". ఈవిడ "ఆఁ, తిన్నా". అక్కడితో ఆ రోజుకి కబుర్లు సమాప్తం. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చెడ్డవాళ్ళయితే కనీసం పోట్లాడుకోవడానికైనా పనికొచ్చేవారు. అలిసిపోయి వస్తారు, ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటారు, పడుకుంటారు. రోజుకి ఎనిమిది వందల గొంతులు విన్న చెవులకి రెండు "తిన్నావా"లు ఏ మూలకి?

కిందటేడు ఒకరోజు దుమ్ము దులుపుతుంటే పెన్నుల డబ్బాలో డ్రాయరు తాళంచెవి దొరికింది. తీసి చూడకూడదని తెలుసు. చూసింది. డిస్కును కంప్యూటరుకి తగిలించి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఒక ఆడపిల్ల, ఆరేళ్ళుంటాయేమో, "మా కు... కు... కు..." అంటోంది. కుక్కా, కుందేలా, కుర్చీనా తెలియదు. మరదలి గొంతు ఆ మాట అందివ్వలేదు. ఊరికే ఆగింది. అరనిమిషం ఆగింది. చివరికి "కుక్కపిల్ల" అని ఆ పిల్ల మాట బయటపడేసరికి ఆపరేటరక్కకి కళ్ళనీళ్ళొచ్చాయి.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఒక కప్పు టీ, ఒక పిల్లో పిల్లాడో. మరదలు "పొద్దున్న ఏం తిన్నావు?" అని అడిగి ఆగినప్పుడు, ఆ ఖాళీలో ఈవిడే పైకి చెప్పేది. "ఇడ్లీ గిడ్లీ ఏం లేదమ్మా, రొట్టెముక్క తిన్నాను." ఖాళీ ఇంట్లో వినేదెవరు?

స్విచ్చిబోర్డులో ఉన్నన్నాళ్ళూ ఏ లైను కావాలంటే ఆ లైను వినొచ్చు. డాక్టర్ల తగువులు, నర్సుల ప్రేమలు, అన్నీ ఆవిడ చేతిలో తీగల్లోంచే వెళ్ళేవి. కలిపేది, పక్కకి తప్పుకునేది. ఒక్క మాట విన్నదంటే ఒట్టు. ముప్ఫై ఆరేళ్ళు నిలబెట్టుకున్న నియమం, ఎవరూ పలకరించని ఇంట్లో ఏడాది కూడా నిలబడలేదు.

*

కొట్టు చిన్నది. గోడనిండా తెరిచిన డిస్కులు, అద్దాల్లాంటి గుండ్రటి పళ్ళేలు. మెకానిక్కుకి యాభై పైనే ఉంటాయి, మెడలో స్టెతస్కోపు ఉంది. అది చూసి ఆపరేటరక్కకి ప్రాణం లేచొచ్చింది. పాత బంధువు కనబడ్డట్టుంది.

"ఎలా చప్పుడు చేసిందో చెప్పండి," అన్నాడు ఫారం ముందేసుకుని. "అందరూ 'ఏదో సౌండండీ' అంటారు. ఏ సౌండు?"

"మొదట కీచుమని సన్నగా, తిరగలేక తిరిగినట్టు. తర్వాత టక్, టక్, టక్, మూడు. కాస్త ఆగి మళ్ళీ మూడు. ఆఖర్న గర్రుమంది, గిన్నె అడుగు గీకినట్టు. గర్రుమన్నది మాత్రం నిన్నే, ముందు లేదు."

అతను కలం ఎత్తి చూశాడు. "ముందంటే? నిన్న ఒక్కసారే కదా పెట్టింది?"

"అదే, నిన్ననే. మొదట్లో లేదని."

"ఇరవై ఏళ్ళుగా ఇదే పని. ఇంత బాగా చెప్పినవాళ్ళు లేరండీ," అన్నాడు. మెప్పుదల విని కూడా ఎన్నాళ్ళయిందో. ఆవిడకి సంతోషమేసింది. వెంటనే సిగ్గేసింది.

"ఒలికిందేంటి?"

ఆపరేటరక్క తువ్వాలు మడిచి ఖాళీ డబ్బాలో పెట్టింది.

"నీళ్ళు," అంది ఆపరేటరక్క. "నీళ్ళేనట."

అతను డిస్కును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, భూతద్దంతో అంచులు చూశాడు. "శుభ్రంగానే ఉంది. నీళ్ళయితే పెద్ద ప్రమాదం లేదు. అడుగున బోర్డు విప్పి, కడిగి, ఆరబెట్టి, ఒక్కసారి తిప్పుతాను. తిరిగినంతసేపట్లో ఎంత వస్తే అంత లాగేస్తా."

"నీళ్ళు కాకపోతే?"

"తీపిదేదైనా అయితే తిప్పకూడదు. ఇదిగో, ఇక్కడ గాలి పీల్చుకునే సన్నటి చిల్లుంటుంది. అందులోంచి లోపలికి దిగి ఎండితే బంకే. లోపల పళ్ళెం మీద చదివే ముల్లుంటుంది. బంక మీద ముల్లు తగిలితే గీరేస్తుంది. గీరినచోట ఉన్నది ఆ దేవుడు కూడా తీయలేడు. అప్పుడు మూత తీసి, ముందు లోపలంతా శుభ్రం చేయాలి. దానికి ఓనరు ఒప్పుకోవాలి." ఫారం చింపి కార్బన్ కాపీ చేతిలో పెట్టాడు. "ఇది ఓనరుకివ్వండి. మీరు చెప్పిందంతా ఇందులో ఉంది. గంటలో తిప్పేస్తా."

ఇందులో ఉన్నదంతా ఆవిడ చెప్పిందే. పైగా మరదలు చదువుతుంది.

*

బస్టాపులో సిమెంటు బల్ల మీద కూర్చుంది. ఆవిడ ఎక్కాల్సిన బస్సులు మూడు వచ్చాయి, మూడూ వెళ్ళిపోయాయి.

చెబితే ఏమవుతుంది? తమ్ముడి మీద నింద పోతుంది. అది సుఖం. టీ ఒలికించినందుకు మరదలు రెండు మాటలంటుంది. పడొచ్చు. కానీ టీ ఆ గదిలోకి, తాళం వేసిన డ్రాయరు దగ్గరికి ఎలా వెళ్ళిందని అడుగుతుంది. అడగకుండా ఉంటుందా? ఇంతకీ ఆ ఇల్లు తప్ప ఆవిడకి ఇంకో ఇల్లు లేదు. క్వార్టర్లో ఇప్పుడు ఎవరో ఎక్స్‌రే ఆయన ఉంటున్నాడు.

చెప్పకపోతే? కక్కక్కర్లేదు, మింగేయొచ్చు. గంటలో అతను తిప్పుతాడు, గర్రుమంటుంది. కుక్కపిల్ల గీరుకుపోతుంది. నలభై రెండు మందీ పోతారు. తప్పు నీళ్ళదవుతుంది, నీళ్ళు తమ్ముడివవుతాయి, ఆ ఇంట్లో ఇంకెన్నాళ్ళయినా ఫ్రిజ్ చప్పుడే.

నాలుగో బస్సు రావడం దూరంనుంచి చూసి లేచింది. లేచి, కొట్టు వైపు నడిచింది. అరవై రెండేళ్ళ మనిషి పరుగెత్తకూడదని మోకాళ్ళు చెబుతూనే ఉన్నాయి.

మెకానిక్కు వైర్లు తగిలించేశాడు. స్టెతస్కోపు చెవుల్లో ఉంది, దాని బిళ్ళ డిస్కు మీద ఉంది, వేలు స్విచ్చి మీద ఉంది. ఆవిడ పిలిచింది వినబడలేదు. బల్ల మీద అరచేత్తో చరిచింది.

"తిప్పకండి. నీళ్ళు కాదు."

అతను వేలు తీశాడు. స్టెతస్కోపు కూడా తీశాడు.

"టీ. నిమ్మకాయ, రెండు చెంచాల తేనె. సగం కప్పు పైనే ఒలికింది. మంగళవారం, మూడు గంటలకి. నేనే." స్విచ్చిబోర్డులో ప్రమాదం కేసు వచ్చినప్పుడు వార్డుకి చెప్పినట్టే వరసగా చెప్పింది. "ఆరాక నాలుగుసార్లు తగిలించి చూశాను. నిన్నటిది ఐదోసారి."

"నాలుగుసార్లు," అన్నాడతను. "వాసన రాలేదే మరి?"

"స్పిరిట్‌తో తుడిచాను. మా స్విచ్చిబోర్డులో రిసీవర్లు రోజూ అలాగే తుడిచేవాళ్ళం. మూలమూలలా."

"చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళని చూశానమ్మా. ఆకులు పట్టుకుని మళ్ళీ నాలుగుసార్లు నిప్పులో చెయ్యి పెట్టినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా." కోపం లేదు అతని గొంతులో. వైర్లు ఒక్కొక్కటీ ఊడదీశాడు. "ఇంకోసారి తిప్పుంటే అయిపోయేది. ఇప్పుడైనా ఎంతుందో మూత తీస్తేగానీ చెప్పలేను. ఓనరుకి నేను ఫోన్ చేయనా?"

"నేనే చేస్తాను."

*

"వదినా? తిరుగుతోందా?" మరదలి గొంతులో ఆశ వింటే భయమేసింది.

"లేదమ్మా. తిప్పలేదు. తిప్పనివ్వలేదు. మీ ఆయన నీళ్ళేం ఒలికించలేదు. నేనే డిస్కు మీద టీ ఒలికించాను. మంగళవారం."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"మంగళవారం. ఇవాళ శుక్రవారం." మరదలు నెమ్మదిగా లెక్కపెట్టినట్టు అంది. "పొద్దున్న మేమిద్దరం అలా కొట్టుకుంటుంటే మీరు అక్కడే ఉన్నారు."

"ఉన్నాను."

"ఒక్కమాట చెప్పుంటే."

"చెప్పలేకపోయానమ్మా."

"టీ ఒలికితే చెప్పలేకపోవడమేంటి వదినా, నేనేమన్నా రాక్షసినా? మీ చేతిలోంచి ఒలికిందంటే నేనేమంటాను? అసలు..." అక్కడ ఆగింది. ఆపరేటరక్క కళ్ళు మూసుకుంది. వస్తోంది. "అసలు అది బయటికెలా వచ్చింది? డ్రాయరు తాళం వేసుంది కదా."

"వింటున్నాను."

"వింటే చెప్పండి."

"అది కాదమ్మా. పిల్లల్ని. పిల్లల్ని వింటున్నాను, టీ తాగుతూ."

మాటలు ఆగిపోతే లైను తెగిందో, మనిషి ఆగిందో ఆపరేటరుకి తెలుస్తుంది. లైను తెగలేదు. అవతల మరదలి వెనక, గదిలో ఎక్కడో, ఒక పిల్లాడు "బ... బ..." అంటున్నాడు. ఎవరూ అందివ్వడం లేదు.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏడాది దాటింది."

"ఎంతమందిని?"

"అందర్నీ. కొందర్ని రెండుమూడుసార్లు." ఇక దాచేదేముంది? "నువ్వు ఒక మాట అడిగి ఆగుతావే. వాళ్ళు చెప్పేదాకా ఎంతసేపైనా అలాగే ఆగుతావు. ఒక మనిషి మాట కోసం ఇంకో మనిషి అంతసేపు ఆగడం నేనెప్పుడూ వినలేదమ్మా. నన్నే అడుగుతున్నట్టుండేది. నేనే చెప్పేదాన్ని. పిచ్చిది అనుకో. ఇంట్లో ఉండలేకపోయాను."

ఈ మాటలు చాలా పొడుగ్గా వచ్చాయి. రెండేళ్ళలో ఆ పిల్లతో ఆవిడ ఇంత పొడుగు మాట మాట్లాడలేదు. మెకానిక్కు తలొంచుకుని, శుభ్రంగా ఉన్న బల్లనే మళ్ళీ సర్దుతున్నాడు.

"నేను సంతకం పెట్టాను వదినా." మరదలి గొంతు సన్నగా అయిపోయింది. "నలభై రెండు సంతకాలు."

"తెలుసు."

"తెలిసే విన్నారు. టీ సంగతి నేనెవరికైనా చెప్పుకోగలను. ఇది మా గైడ్ మేడంకి చెప్పాలి. ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి చెప్పాలి. వద్దు, వాడొద్దు అంటారు కొందరు. అందరూ అన్నా నేనేం చేయలేను. డిస్కు బతికినా..." మిగతాది మింగేసింది. "ఆయన ఏమంటున్నాడు?"

"మూత తీసి కడగాలంట. నువ్వు ఒప్పుకోవాలంట."

"ఒప్పుకున్నానని చెప్పండి."

"చెబుతాను. నేను ఇంటికి వెళ్ళి..."

"ఇంటికి వెళ్ళకండి."

ఆపరేటరక్క కొంగు చివర ముడేసుకున్న ఇంటి తాళంచెవి తడుముకుంది.

"అక్కడే ఉండండి. నేనొస్తున్నాను," అంది మరదలు. ఈసారి లైను నిజంగానే తెగింది.

ఆ 'వస్తున్నాను'లో కోపముందా, ఇంకేమన్నా ఉందా? ముప్ఫై ఆరేళ్ళలో అరగొంతు విని మనిషి సంగతి చెప్పేసిన ఆపరేటరక్కకి ఆ ఒక్క గొంతు అంతుపట్టలేదు. ఆ పిల్లలతో ఆ గొంతు ఎంత మెత్తగా ఉంటుందో తెలుసు. తనతో ఎలా ఉంటుందో తెలుసుకునేంత ఎప్పుడూ వినలేదు.

మెకానిక్కు ఒక స్టూలు జరిపాడు. పాత ఫారం రెండుగా చింపి, కొత్తది తీశాడు. ఏమీ అడగకుండానే చాలా వరకు తనే నింపాడు. టీ, నిమ్మ, తేనె. మంగళవారం, మూడు. తిప్పినవి అయిదు. ఓనరు అంగీకారం, ఫోను ద్వారా. కలం ఒక చోట ఆగింది.

"ఇదొక్కటి చెప్పండమ్మా. వస్తువు ఎవరి చేతిలో ఉండగా పాడైందని. రెండే గళ్ళిచ్చారు. ఇంటివాళ్ళా, బయటివాళ్ళా?"

ఆపరేటరక్క ఆ రెండు గళ్ళనీ మార్చి మార్చి చూసింది.

"ఆవిడొస్తోందిగా," అంది. "ఆవిడనడిగి పెట్టండి."